పాత మేడలో యోగా స్టూడియో: ముందు చెమ్మ సంగతి చూడండి

గానుగ సున్నంతో కట్టిన పాత గోడలకు సిమెంట్ ప్లాస్టరింగ్, దానిపై ప్లాస్టిక్ పెయింట్ వేశారంటే ఒక్క వానాకాలానికే పెచ్చులూడతాయి. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచి ఆవిరైపోతుంది; సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. అందుకే మోకాలెత్తున ఉబ్బులు, తెల్లటి ఉప్పుపొడి. సిమెంట్ మొత్తం చెక్కేసి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుకతో పూయించండి, పైన సున్నమే వెల్లవేయండి. ఆరడానికి వారాలు పడుతుంది. ప్రారంభోత్సవం ముహూర్తం ముందే పెట్టుకుంటే మాత్రం కష్టం!

నేలకు చిన్న పరీక్ష: అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపు వేసి అతికించి, ఒక రోజంతా వదిలేయండి. మర్నాడు దాని అడుగున నీటి చుక్కలుంటే చెక్క ఫ్లోరింగ్ మాట మర్చిపోండి, ఉబ్బుతుంది. ఉన్న కడప బండల్నే పాలిష్ పట్టించడం మేలు.

20×15 అడుగుల గదిలో పదిమందికి మించి వద్దు. మ్యాట్ ఆరడుగులే, చాచిన చేతులకూ చోటు కావాలి కదా.

శవాసనంలో కళ్లు పైకప్పు వైపే ఉంటాయి. సీలింగ్ స్పాట్‌లైట్లు తీసేసి, 2700 కెల్విన్ (వెచ్చటి పసుపు వెలుగు) దీపాలను గోడవైపు తిప్పండి. గాల్లో వేలాడుతూ చేసే యోగా కోసం పాత టేకు దూలాలకు ఊయల కొక్కేలా? స్ట్రక్చరల్ ఇంజినీరు చూడకుండా ఒక్కటీ బిగించొద్దు.