షెడ్డులో మిగిలిన పెట్రోలు

ఖమ్మంలో పద్దెనిమిదేళ్లు బైకులు బాగుచేశాను. పెట్రోలు పాతబడి పాడవుతుందని మాత్రం నాకు అమెరికా వచ్చాకే తెలిసింది. మన దగ్గర అది అంత సేపు ట్యాంకులో ఎక్కడుంటుంది? పొద్దున వంద రూపాయలకు కొట్టించుకుంటే సాయంత్రానికి రిజర్వులో పడేది. చివరి చుక్క కూడా పోనివ్వకుండా బండిని పక్కకు వంచి మరీ స్టార్ట్ చేసుకునేవాళ్లు.

అమెరికాలో ఉన్న మా అక్క నన్ను రప్పించుకోవడానికి వేసిన తోబుట్టువుల వీసా దరఖాస్తు పదిహేనేళ్లు దాటాక కదిలింది. అలా నలభై దాటిన వయసులో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ శివార్లకు వచ్చి పడ్డాను. గడ్డి కోసే మూవర్లు, మంచు ఎగజిమ్మే స్నోబ్లోయర్లు బాగుచేసే షాపులో పని దొరికింది. ఇక్కడ అక్టోబరు చివర్లో లోపల పెట్టిన మూవర్‌ని మళ్లీ ఏప్రిల్ చివర్లోనో మే లోనో బయటికి తీస్తారు. ఆరు నెలలు కదలకుండా ఉంటుంది. అందులో పెట్రోలూ కదలదు. స్నోబ్లోయర్ది సరిగ్గా దీనికి తలకిందులు, ఎండాకాలమంతా మూలన పడుంటుంది.

మొదటి రోజు ఓనరు ఒక మూవర్ నా ముందు పెట్టి, తాడు ఎంత లాగినా అందుకోవడం లేదన్నాడు. కార్బొరేటర్ విప్పి కింది గిన్నె ఊడదీశాను. వచ్చింది నాకు తెలిసిన పెట్రోలు వాసన కాదు. తలుపులకు పూసే వార్నిష్ డబ్బా మూత తీసినట్టుంది. గిన్నె అడుగున తేనె రంగులో జిగురు, దాని పక్కన తెల్లటి పొడి. పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమున్న మెయిన్ జెట్‌ను వెలుతురుకేసి పట్టుకుని చూస్తే అటు వైపు వెలుగు కనబడలేదు. ఖమ్మం నుంచి తెచ్చుకున్న పానాల సంచిలో క్లచ్ కేబుల్ పోగులు నాలుగు ఉన్నాయి. ఒక పోగు పెట్టి మెల్లగా తిప్పాను. జిగురు పెళుసుగా రాలింది, సూది మొనంత వెలుగు కనబడింది. ట్యాంకు కడిగి కొత్త పెట్రోలు పోస్తే రెండో లాగుడికి అందుకుంది. ఓనరు నా భుజం మీద చెయ్యి వేసి, సోమవారం నుంచి వచ్చెయ్యమన్నాడు.

ఎందుకిలా అవుతుందో నెమ్మదిగా నేర్చుకున్నాను. పెట్రోలులో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ముందు అంటుకుంటాయి. నిలవుంటే అవే ముందు ఎగిరిపోతాయి. మిగిలింది గాలి తగిలి చిక్కబడి జిగురు కడుతుంది. దీనికి తోడు ఇక్కడ బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ అనే ఆల్కహాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాలను పెట్రోలుకు, అంటే మూడు లీటర్ల ముప్పావుకు, నాలుగు చిన్న చెంచాల నీళ్లు చేరితే చాలు. ఇథనాల్, నీళ్లు కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజన్ పీల్చుకునేది ఆ అడుగు నుంచే.

ఒక మే నెల రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. గుడిలో పరిచయమైన కుర్రాడు, మాది సత్తుపల్లి అని చెప్పినప్పటి నుంచి నాకు తమ్ముడి లెక్క. అంతకు ముందు ఏడాదే ఇల్లు కొన్నాడు. "అన్నా, వెనక షెడ్డులో పెట్రోలు డబ్బాలు నాలుగున్నాయి, మూడు పాత ఓనరు వదిలేసినవే. సింకులో పోసి నీళ్లు వదిలేస్తే పోతుందా?" అన్నాడు.

"ముట్టుకోకు తమ్ముడూ, పొద్దున్నే వస్తున్నా" అన్నాను. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. వాళ్ల ఇల్లు నేను చూశాను. గ్యారేజీలో ఒక మూల గ్యాస్‌తో నడిచే నీళ్ల హీటరు ఉంది, దాని కింద చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేల మీద పాకుకుంటూ పోయి ఆ మంటను వెతుక్కుంటుంది. గడ్డకట్టే చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. సింకులో పోస్తే ఆ ఆవిరి మురుగు గొట్టాల్లో నిలబడుతుంది, ఎవరింట్లో పేలుతుందో కూడా తెలియదు.

మళ్లీ ఫోన్ చేసి, షెడ్డు తలుపు తెరిచి ఉంచు, డబ్బాలను గ్యారేజీలోకి మాత్రం తేవద్దు అని చెప్పాను.

పొద్దున వెళ్లేసరికి వాళ్ల నాన్నగారు షెడ్డు ముందు నిలబడి ఉన్నారు. మనవడు పుట్టాడని వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. ఊళ్లో వ్యవసాయం. ఒక డబ్బా అప్పటికే ఆయన చేతిలో ఉంది. "ఎందుకు బాబూ పారెయ్యడం? కంచె పొడుగునా చీమల పుట్టలున్నాయి, పోస్తే ఒక్కటి మిగలదు" అన్నారు. ఆయన తప్పు లేదు. చెదలకు కిరసనాయిలు పోసిన చేతులే మనందరివీ.

"బాబాయ్, నేనూ అలా చేసినవాణ్ణే" అని చెప్పాను. ఖమ్మంలో షాపు ముందు పళ్లెంలో పెట్రోలు పోసి చైన్లు, బేరింగులు కడిగి, నల్లబడ్డాక వెనక్కి తీసుకెళ్లి మట్టిలో కుమ్మరించేవాణ్ణి. రోజూ. ఆ మట్టికి పది అడుగుల్లో బోరు ఉండేది. షాపులో పిల్లలూ, పక్కన టీ కొట్టు వాళ్లూ ఆ నీళ్లే తాగేవాళ్లం. పెట్రోలులో బెంజీన్ ఉంటుందని, అది క్యాన్సర్ తెచ్చే పదార్థమని, మట్టిలోంచి దిగి భూగర్భ జలంలో కలుస్తుందని నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. తెలిశాక ఆ బోరు ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతుంది. బాబాయ్ గారు మాట్లాడలేదు. డబ్బా మెల్లగా కింద పెట్టి, లోపల ఊయల్లో ఉన్న మనవడి వైపు ఒకసారి చూశారు.

నాలుగు డబ్బాలకూ ఒకటే వైద్యం కాదు. బయట గడ్డి మీద, ఎండకు దూరంగా, ఒక్కో దాంట్లోంచి కాస్త గాజు సీసాలో పోసి చూశాం. మొదటిది ఆ కుర్రాడు తనే కిందటి అక్టోబరులో కొన్నది, ఒక గాలను. లేత పసుపు రంగు, తేటగా ఉంది, ఘాటు కాస్త తగ్గిందంతే. దాన్ని పారెయ్యక్కర్లేదు. కారు ట్యాంకులో పదమూడు గాలన్ల దాకా కొత్త పెట్రోలు ఉన్నప్పుడు ఇదొక్కటీ కలిపేస్తే ఇంజన్‌కు తేడా తెలియదు. మూవర్‌లో మాత్రం వద్దన్నాను, చిన్న ఇంజన్ ఓర్చుకోదు.

రెండోది టీ డికాషన్ రంగులో ఉంది. మూడో సీసాను పది నిమిషాలు కదపకుండా పెడితే అడుగున వేలెడంత ఎత్తున వేరే పొర తేరింది, మధ్యన గీత గీసినట్టు. బాబాయ్ గారు వంగి చాలాసేపు చూసి, "మజ్జిగ మీద తేట తేరినట్టుంది" అన్నారు. నాలుగోది నీలంగా ఉంది, చెయిన్ సా కోసం ఆయిల్ కలిపింది. ఎన్నేళ్లదో ఎవరికి తెలుసు? ఈ మూడూ ఇక ఏ ఇంజన్‌కూ పనికిరావు. మూత తీసి ఎండలో పెడితే ఆవిరైపోతుంది కదా అని కొందరు అంటారు. ఆ ఆవిరి మనం పీల్చే గాలిలోకే పోతుంది, పైగా నిప్పు ప్రమాదం. ఆ పనీ చెయ్యకూడదు.

మా హెన్నెపిన్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వాళ్లకు బ్లూమింగ్టన్‌లో ఒకటి, బ్రూక్లిన్ పార్క్‌లో ఒకటి ఇలాంటి ప్రమాదకర చెత్త తీసుకునే కేంద్రాలున్నాయి. ఇళ్లలోంచి తెచ్చేవాటికి డబ్బు అడగరు. మా షాపు లాంటి వ్యాపారాలకు ఆ వెసులుబాటు లేదు, దానికి వేరే లెక్క. షాపులో మేము పీపాలో నింపి, లైసెన్సున్న వాళ్లకు డబ్బిచ్చి అప్పజెబుతాం. ఇంట్లోవాళ్లకు ఉచితంగా ఉన్న సౌకర్యం మనవాళ్లలో చాలామందికి తెలియదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు తమ కౌంటీ వాళ్లను అడిగి, ఏ రోజుల్లో, ఎంత తీసుకుంటారో కనుక్కుని వెళ్లండి.

మూతలు బిగించి, సందుల్లో అట్టలు కుక్కి, నా పికప్ వెనక నిలబెట్టి కట్టాం. దారిలో ఎక్కడా ఆగలేదు. కేంద్రంలో పనివాళ్లు వచ్చి డబ్బాల్లో ఏముందో అడిగి, ఒక్కొక్కటీ రెండు చేతులతో పట్టుకుని దించుకున్నారు. ఐదు నిమిషాల పని. బాబాయ్ గారు వాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన అడిగింది ఒకటే, "మన ఇంటి దగ్గర వీడి బండి రెండేళ్లుగా కదల్లేదు బాబూ, అందులోనూ ఇంతేనా?" ఇంతే. మన దేశంలోనూ ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పిల్లలు విదేశాల్లో ఉండి, బండి వసారాలో ఉన్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. స్టార్ట్ చేసి చూడకుండా, ముందు మెకానిక్‌ను పిలిచి ట్యాంకు ఖాళీ చేయించమన్నాను. తీసింది మట్టిలో పొయ్యనివ్వొద్దనీ చెప్పాను. మన ఊళ్లో దాన్ని ఎక్కడ ఇవ్వాలని ఆయన అడిగితే చెప్పలేకపోయాను. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

కుర్రాడికి మూడు పనులు చెప్పాను. డబ్బా మీద కొన్న తేదీ రాయి. నెలకు సరిపడా కొనుక్కో. మూవర్‌లో ఇథనాల్ కలపని పెట్రోలు పోసుకో. మిన్నెసోటాలో చిన్న ఇంజన్లకు, పడవలకు అది అమ్ముతారు, 'నాన్ ఆక్సీ' అని రాసి ఉంటుంది. ధర ఎక్కువే, కానీ కార్బొరేటర్ బాగుచేయించే ఖర్చు కంటే తక్కువ. సీజన్ అయ్యాక కొంచెం మిగిలితే, పెట్రోలు త్వరగా పాడవకుండా చూసే స్టెబిలైజర్ అనే మందు కలిపి పది నిమిషాలు నడపాలి, మందు కార్బొరేటర్ దాకా చేరాలి. లేదంటే ట్యాంకు ఖాళీ చేసి, దానంతటది ఆగేదాకా నడపాలి.

అక్టోబరు చివరి ఆదివారం అతను వీడియో పంపాడు. గడ్డి మీద నిలబెట్టిన మూవర్ ఒక్కటే, ఇంజన్ నడుస్తోంది. చుట్టూ మేపుల్ ఆకులు. బాబాయ్ గారు శాలువా కప్పుకుని, మనవణ్ణి ఎత్తుకుని దూరంగా మెట్ల మీద నిలబడ్డారు. ఇంజన్ ఒకసారి గొంతు పెంచింది, రెండుసార్లు దగ్గింది, ఆగిపోయింది. వెనక నుంచి ఆయన మాట వినబడింది, "ఇంకోసారి లాగి చూడరా, చుక్క కూడా ఉండకూడదన్నాడు."