సారు పోయాక ఎనిమిది నెలలు

మా సారు 2022 ఆగస్టులో పోయారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయే జబ్బు) బాధితుల కోసం 2009లో ఆయన రిజిస్టర్ చేయించిన సంస్థకు చివరిదాకా ఆయనే అధ్యక్షుడు. నేను కార్యదర్శిని. పదకొండో రోజు గడిచిన మర్నాడు, ఫిజియోథెరపీ చేసే అమ్మాయికి జీతం చెక్కు రాద్దామని పుస్తకం తీసి నా సంతకం పెట్టాను. పక్కన ఆయన సంతకం ఉండాల్సిన చోటు కనబడ్డాకే, ఇక ఆ ఖాతాలోంచి రూపాయి కూడా తీయలేమని అర్థమైంది. ఇద్దరం కలిసి సంతకం చేస్తేనే చెల్లుతుందని మేమే రాసిచ్చాం.

బ్యాంకులో మర్యాదగానే చెప్పారు. కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకోండి, ఆ జాబితా జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయండి, ధ్రువీకృత నకలు, తీర్మానం తీసుకురండి, సంతకాలు మారుస్తాం అన్నారు. నెల రోజుల పని అనుకున్నాను.

నల్లగొండ వెళ్ళి మా ఫైలు తీయిస్తే అందులో చివరి జాబితా 2013 నాటిది. ఏడు పేర్లు. వాళ్ళలో ఇద్దరు అప్పటికే కన్నుమూశారు. ఒకాయన చండూరు నుంచి భీవండికి మరమగ్గాల పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి. సమావేశాలు మేం ఏటా జరుపుకున్నాం, మినిట్స్ పుస్తకంలో సంతకాలన్నీ ఉన్నాయి. దాఖలు మాత్రం చేయలేదు. తప్పు పూర్తిగా మాది. కార్యదర్శిగా అందులో నా వాటా అందరికన్నా ఎక్కువ. మందులు, ఆటోలు, పింఛను దరఖాస్తులు ఉన్నప్పుడు కాగితం సంగతి రేపు చూద్దాంలే అనిపిస్తుంది. అలా అనుకుంటూనే తొమ్మిదేళ్ళు గడిచాయి.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా పల్లెల బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్ళే తరాల తరబడి తాగారు. మిషన్ భగీరథ నీళ్ళు వచ్చాక పిల్లల సంగతి మారింది. కానీ వంగిపోయిన ఎముక మంచినీళ్ళు తాగినా తిరిగి నిటారు కాదు. అలాంటి వాళ్ళకు వ్యాయామం చేయించాలి, చక్రాల కుర్చీలు చూడాలి, వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి తీసుకెళ్ళాలి. నలభై శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ వస్తేనే పింఛను. అప్పట్లో అది నెలకు 3,016 రూపాయలు. శిబిరం తేదీ తప్పితే ఆ పింఛను ఇంకెన్నాళ్ళకో. ఖాతా నిలిచిపోతే మేం ఆపాల్సి వచ్చేది ఈ పనులనే.

మా సంస్థ నియమావళి తీసి చదివాను. ఇన్నేళ్ళలో మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవడం అదే మొదటిసారి. సమావేశానికి 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మూడో వంతు సభ్యులు హాజరు కావాలి. సభ్యుల రిజిస్టరులో 43 పేర్లున్నాయి. అందరికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదులు ఫైలులో అంటించాను. ఈ పనిలో ఉన్నవాళ్ళకు చెప్తున్నాను, ఆ రసీదులు పారేయకండి. ఎవరైనా తర్వాత ఎన్నిక చెల్లదంటే మనకు అండగా ఉండేవి అవే. ఈలోగా మా మునుగోడు నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చిపడింది. నవంబరు 3న పోలింగ్. మైకుల హోరులో మా సమావేశం ఎక్కడ పెడతాం? అది ముగిశాక, నవంబరు చివరి ఆదివారం జరుపుకున్నాం.

ఇరవై ఆరుగురు వచ్చారు. సారు కొడుకునే అధ్యక్షుడిగా పెడదామని సగం మంది పట్టు. ఆ అబ్బాయే లేచి, "నేను హైదరాబాదులో ఉంటాను, నాన్న పేరు చెప్పుకొని ఇక్కడ కూర్చోలేను" అన్నాడు. ఎన్నాళ్ళుగానో ఉపాధ్యక్షుడిగా ఉన్న రిటైర్డ్ టీచరు గారిని ఎన్నుకున్నాం. కోశాధికారి విషయంలోనే అసలు చర్చ. మేం సాయం చేస్తున్న వాళ్ళలోంచి ఒకరు ఉండాలని నేను ప్రతిపాదించాను. పదమూడేళ్ళుగా వాళ్ళ గురించి మేం తీర్మానాలు రాస్తున్నాం, వాళ్ళ చేత ఒక్క తీర్మానం కూడా రాయించలేదు. ఆ సంగతి నన్ను చాలా రోజులుగా బాధిస్తోంది.

నేను పేరు చెప్పిన అక్క పొదుపు సంఘం లెక్కలు పన్నెండేళ్ళుగా రాస్తోంది. మెడ తిరగదు, ఎవరైనా మాట్లాడితే ఒళ్ళంతా తిప్పి వాళ్ళ వైపు చూస్తుంది. "నిలబడలేని మనిషి ఆఫీసుల చుట్టూ ఎలా తిరుగుతుంది?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అక్క నెమ్మదిగా కుర్చీ పట్టుకొని ఆ వైపు తిరిగింది. "తిరగడానికి మీరున్నారు కదా అన్నా. లెక్క నేను చూస్తాను" అంది. ఇరవై రెండు చేతులు లేచాయి. ఇకపై అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారిలో ఏ ఇద్దరు సంతకం చేసినా చెక్కు చెల్లేలా తీర్మానం కూడా అప్పుడే రాసుకున్నాం. ఒక మనిషి పోతే పని ఆగే పరిస్థితి మళ్ళీ రాకూడదు.

తర్వాతి నాలుగు నెలలు కాగితాలతోనే గడిచాయి. దాఖలు చేయని ప్రతి ఏడాదికీ జాబితా విడిగా తయారు చేశాం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక ఉందని ఇద్దరి కాగితాలు వెనక్కి వచ్చాయి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో సంస్థ పేరు మీద ఉన్నది సారు ఫోను నంబరు. ఓటీపీలన్నీ దానికే వెళ్తాయి. ఆ సిమ్ ఆపేయవద్దని వాళ్ళబ్బాయిని బతిమాలుకున్నాను. నంబరు మార్చుకునేదాకా అతను నెలనెలా రీచార్జి చేయిస్తూ, ఓటీపీ రాగానే నాకు ఫోను చేసి చెప్పాడు. ఆ మేలు మరువలేను.

మార్చిలో ధ్రువీకృత నకలు చేతికొచ్చింది. బ్యాంకులో నమూనా సంతకాలు పెట్టాలి. అక్క వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, సంతకం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. రెండు కలవలేదని కార్డు తిరిగిచ్చారు. ఇంటికెళ్ళి పాత నోటుపుస్తకంలో పేజీకి ఇరవై చొప్పున సాధన చేసింది. పూర్తి పేరు వదిలేసి, ఇంటిపేరులోని ఒక అక్షరం, పేరులోని రెండు అక్షరాలు ఎంచుకుంది. పెన్ను జారకుండా దానికి గుడ్డపీలిక చుట్టుకుంది. పది రోజుల తర్వాత అదే పెన్నుతో మూడు సంతకాలు పెట్టింది. మూడూ కలిశాయి.

ఏప్రిల్ రెండో వారంలో మొదటి చెక్కు రాశాం, ఫిజియోథెరపీ అమ్మాయికి, ఎనిమిది నెలల జీతం కలిపి. అన్నాళ్ళూ వారానికి రెండు రోజులు సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చింది ఆ పిల్ల. నేను సంతకం చేసి అక్క ముందు పెట్టాను. అంకెలూ అక్షరాలూ సరిపోయాయో లేదో రెండుసార్లు చూసుకుంది. చెక్కు నంబరు తన రిజిస్టరులో ఎక్కించింది. అప్పుడు గుడ్డ చుట్టిన పెన్ను తీసింది.