ఫీనిక్స్‌లో మొదటి వారం: ఒక తాళంచెవి, ఒక కరెంటు ఖాతా, పేరు లేని నేను

ఎంఎస్ చదవడానికి ఆగస్టు మొదటి వారంలో అమెరికాలోని ఫీనిక్స్ చేరాను. అద్దె ఇంటి తాళంచెవి నా చేతికి వచ్చి రెండు రోజులే అయింది కనుక, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

ఇమిగ్రేషన్ అధికారి ఐ-20 (విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం) చూసి, ఏమి చదవబోతున్నావని అడిగి, వేలిముద్రలు తీసుకొని పంపించేశారు. దాని గురించి నెల రోజులుగా పడిన బెంగంతా దండగ.

నన్ను తీసుకువెళ్లడానికి వచ్చిన సీనియర్ అన్నయ్యతో, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట పెరిగినవాణ్ణి, నాకు ఎండలు కొత్తా అని కారులో గొప్పలు పోయాను. 2023లో ఇక్కడ వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43కు, తగ్గలేదని ఆయన చెప్పి ఊరుకున్నారు. మరునాడు మధ్యాహ్నానికి నా గొప్పలు అణగిపోయాయి. మన ఎండకు చెమట కారి చొక్కా తడుస్తుంది. ఇక్కడి పొడిగాలిలో చెమట పట్టినట్టు తెలియకుండానే ఆరిపోతుంది, పెదవులు పగిలాక గానీ ఒంట్లో నీరు తగ్గిందని తెలియదు. చన్నీళ్ల కుళాయి తిప్పినా వేడినీళ్లే వస్తాయి. దారి పక్కన మనిషికి రెండు మూడింతల ఎత్తున చేతులెత్తి నిలబడిన సగ్వారో కాక్టస్‌లను చూసి మురిసిపోదామంటే నిలబడడానికి నీడ ఉండదు.

అసలు కథ అపార్ట్‌మెంట్ ఆఫీసులో మొదలైంది. నా పాస్‌పోర్టు దరఖాస్తు నింపిన దళారి ఇంటిపేరును, పేరును కలిపి ఒకే గడిలో రాసి, ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేశాడు. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ముద్రించేటప్పుడు ఉన్న పేరునంతా ఇంటిపేరు కింద వేసి, పేరు ఉండవలసిన చోట ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. వీసా చూసి తయారుచేసిన అద్దె ఒప్పందంలోనూ అదే పడింది. కౌంటరులో కూర్చున్న ఆవిడ దాన్ని నిజంగానే నా పేరు అనుకొని, వరుసలో నిలబడిన నలుగురికీ వినబడేలా ‘మిస్టర్ ఫ్నూ’ అని పిలిచింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తాతగారి పేరు పెట్టుకున్నవాణ్ణి, ఆ పిలుపుకు పలికి ముందుకు నడిచాను.

కరెంటు ఖాతా మా పేరు మీద తెరిచి, దాని నంబరు చూపిస్తే తప్ప తాళంచెవి ఇచ్చేది లేదన్నారు. కరెంటు కంపెనీకి ఆన్‌లైన్‌లో నా సొంత పేరుతో దరఖాస్తు చేస్తే, సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేదు కాబట్టి పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం పంపమన్నారు. పంపితే రెండింటిలో పేర్లు కలవలేదని తిప్పికొట్టారు. ఒప్పందంలో పేరు సరిచేయమని అడగడానికి మండుటెండలో మైలు దూరం నడిచి వెళ్తే, వీసాలో ఉన్నదే మాకు ప్రమాణం, కరెంటు వాళ్లనే మార్చుకోమనండి అని ఆవిడ చెప్పింది. వాళ్లకు ఫోన్ చేస్తే ఒప్పందమే మార్చుకురమ్మన్నారు. ఇలా మూడు రోజులు, రోజుకు రెండుసార్లు నడిచాను. రెండో రోజు బస్‌స్టాపులో ఇనుప బెంచీ మీద చెయ్యి ఆనించి ఎర్రగా కాల్చుకున్నాను. ఇక్కడికీ భారత్‌కూ ఏడాది పొడవునా పన్నెండున్నర గంటల తేడా. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది కనుక అమ్మకు ఫోన్ చేసి ఏడ్వడానికి కూడా వీలు కాలేదు.

చివరికి నాతో పాటే ఒప్పందంలో సంతకం పెట్టిన రూమ్‌మేట్ తన పేరుతో దరఖాస్తు చేశాడు. అతని పాస్‌పోర్టులో రెండు గడులూ నిండి ఉన్నాయి. పది నిమిషాల్లో ఖాతా నంబరు వచ్చింది. నా మూడు రోజుల నడకకు ఇంత సులువైన విరుగుడు ఉందని ఆ ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు.

ఇక్కడికి రాబోయేవారు వీసాకు వెళ్లకముందే పాస్‌పోర్టును ఇంటిపేరు విడిగా ఉండేలా మార్పించుకోండి. ఆ దరఖాస్తును దళారికి అప్పగించకుండా మీరే నింపండి. అరిజోనా చట్టం ప్రకారం యజమాని ఒకటిన్నర నెలల అద్దెకు మించి సెక్యూరిటీ డిపాజిట్ కోరకూడదు. ఈ సంగతి రెండు నెలలది కట్టిన మరునాడు నాకు తెలిసింది. మెయిల్ రాశాను, ఇంకా జవాబు లేదు. నీళ్ల సీసా లేకుండా గడప దాటవద్దు.

తలుపు తీసేసరికి గోడ మీది థర్మోస్టాట్ 98 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తోంది. ఏసీ వేసి, మంచం కూడా లేని గదిలో నేల మీద కూర్చొని, అంకె ఒక్కొక్కటిగా దిగుతుంటే ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. 84 దగ్గర నాకు నిద్ర పట్టేసింది.