38వ స్లైడు దగ్గర

"అయితే నీళ్ల వల్లా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి సార్."

శ్రీకాకుళంలో ఇవాళ్టి మీటింగు. ఈ జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందన్నదే విషయం. అధికారిగారు వాచీ చూసుకుంటూ అడిగారు. సైంటిస్టుగారు 38వ స్లైడు దగ్గర ఆగిపోయారు. "సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు. ఏదీ ఇంకా తేలలేదండీ."

ఇద్దర్నీ కూర్చోబెట్టింది నేనే, ఆ టెన్షన్ నాది. ఒక పేజీ నోటు ముందే రాయించాల్సింది. బుద్ధి తక్కువ. "తేలలేదు" అనడం ఆయనకి నిజాయితీ. ఈయనకేమో ఫైలు ఆగిపోయే మాట.

అంతలో వెనక వరసలోంచి, ఉద్దానంలోని కవిటి నుంచి వచ్చిన ఆశా వర్కరు లేచింది.

"తేలేదాకా ఊళ్లో మేమేటి చెప్పాలండీ? బోరు నీళ్లు తాగొచ్చా, వద్దా?"

ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం ఒకటి తట్టింది. హిరమండలం నుంచి ఉద్దానానికి సుమారు 700 కోట్ల మంచినీళ్ల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రెండూ 2023లో మొదలయ్యాయి. కారణం తేలాక కాదుగా!

టీ టైములో చూస్తే సైంటిస్టుగారు ల్యాప్‌టాప్ మూసేసి, ఆవిడ పక్కన కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. టీ చల్లారిపోతోంది. నేను పిలవలేదు.