కిటికీ దగ్గర పిల్లగాడు

డిగ్రీలో సైకాలజీ అనగానే "నా మనసులో ఏముందో చెప్పు" అంటూ హనుమకొండ బస్టాండు దాకా వెంటపడేవాళ్లు మిగతా గ్రూపుల వాళ్లు. అప్పటికి మాకు మనసు కాదు గదా, ఎదుటివాడి చెయ్యి కదిలితే దాన్ని చూసినట్టు రాయడం కూడా రాదు. ప్రాక్టికల్‌లో పరిశీలన పద్ధతి వచ్చాక ఆ సంగతి తెలిసింది.

నన్నూ మా రూమ్మేట్‌నీ సార్ కుమార్‌పల్లిలో ఒక అంగన్‌వాడీకి పంపారు. 15 సెకన్లు ఇద్దరం ఒకే పిల్లవాడిని చూడాలి, తర్వాతి 15 సెకన్లలో టిక్కు పెట్టాలి. 20 నిమిషాలకు 40 టిక్కులు. ఒంటరి ఆట, పక్కపక్కన ఆట, కలిసి ఆట అనే గళ్లు మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు 1932లో చేసిన విభజనలోవి. 'కొట్లాట' గడి సార్ కలిపింది.

మొదటి రోజు టీచరమ్మ "సార్లు వచ్చిండ్రు, మంచిగ కూసోండ్రి" అంది. అంతే, పిల్లలందరూ చేతులు కట్టుకున్నారు. ఆ కాగితం పారేశాం. మూడో రోజుకి మమ్మల్ని పట్టించుకున్నవాళ్లే లేరు, ఒకడైతే నా బ్యాగు మీద తల పెట్టి నిద్రపోయాడు.

ఇద్దరి కాగితాలూ పక్కన పెడితే 40లో 26 కలిశాయి. చెక్కబండి గుంజుకున్నవాడిని నేను కొట్లాటలో వేశాను, మావాడు ఆటలో. వాడు నలుగురు అన్నదమ్ముల్లో చిన్నోడు, నేను ఒక్కడినే కొడుకుని. సార్ కళ్లద్దాలు తీసి అడిగారు: "ఇద్దరు ఒక్క అంగన్‌వాడీకే పోయిండ్రా?"

అవతలి పిల్ల ఏడిస్తేనో, వెనక్కి జరిగితేనో కొట్లాట అని రాయించారు. ఈసారి 34 కలిశాయి. మేం పొంగిపోయాం. కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా కొన్ని కలుస్తాయి గదా, వాటిని తీసేసి లెక్కకట్టే 'కప్పా' అనే కొలతను కోహెన్ అనే సైకాలజిస్టు 1960లో ఇచ్చాడని చెప్పి సార్ మా గాలి తీశారు.

పరిశీలనతో లాభం లేదని అనను. తన కొడుకు ఎవరితోనూ కలవడని ఒక తల్లి చెప్పింది. మా కాగితాల్లో వాడు సగం సేపు గుంపులోనే ఉన్నాడు. అడిగితే దొరకనిది చూస్తే దొరికింది.

ఇంకొక పిల్లగాడు మాత్రం రోజూ పదకొండు కాగానే ఆట వదిలేసి కిటికీ దగ్గర నిలబడేవాడు. ఇద్దరం 'ఒంటరి' అనే పెట్టాం, ఒక్క టిక్కూ తేడా లేదు. చివరి రోజు ఆయమ్మ చెప్పింది: "గా టైముకు వాళ్లమ్మ పనికి గీ తొవ్వలనే పోతది సారూ."

రికార్డు అప్పటికే సంతకమైపోయింది.