అమ్మమ్మ పెట్టిన పేరు బకాసురుడు

పాలకొల్లులో అమ్మమ్మ వాళ్ల వీధి చివర ప్లేస్టేషన్ షాపు ఉండేది. గంటకు పది రూపాయలు. కూరగాయలకిచ్చిన డబ్బుల్లో మిగిలిన చిల్లరంతా అక్కడికే పోయేది. నేనూ మా బావా ఆడింది ఒక్కటే, టెక్కెన్ 3 అనే ఫైటింగ్ గేమ్.

చివర్లో ఓగర్ వస్తాడు. పచ్చటి ఒళ్లు, యుద్ధదేవుడట. పెద్ద పెద్ద యోధుల్ని ఓడించి వాళ్ల బలం లాగేసుకుంటాడు. వాడంటే నాకు పెద్ద భయం లేదు. వాణ్ని పడగొట్టాకే అసలు టెన్షన్. కొమ్ములు, రెక్కలు, పాములతో చేసినట్టుండే చెయ్యి, నోట్లోంచి మంటలు. ట్రూ ఓగర్! స్క్రీన్ సగం వాడే.

బావ ఎడ్డీ గోర్డో అనే ఫైటర్ని తీసుకుని చూడకుండా కిక్ బటన్లు టకటకా నొక్కేవాడు. అది ఆట కాదు, మోసం. ఇప్పటికీ అదే అంటాను. నాది హ్వారాంగ్. ఒకసారి ట్రూ ఓగర్‌కి ఇంకొక్క తన్ను చాలు, కరెంటు పోయింది. షాపాయన పైసా తిరిగివ్వలేదు.

తర్వాత బావ పాత ప్లేస్టేషన్ ఒకటి ఇంటికి తెచ్చాడు. చింతపండు పిక్కలు తీస్తూ అమ్మమ్మ టీవీ వైపు చూసింది. "ఇదేం రూపంరా, బకాసురుడిలా ఉన్నాడు! వీడికి బండెడన్నం ఎవరు వండుతార్రా?"

1999లో వచ్చిన టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ అనే గేమ్‌లోనూ వాడున్నాడు. అది మేం ఆడలేదు. 2012లో ట్యాగ్ టోర్నమెంట్ 2 ఇంటి కన్సోళ్లకు వచ్చినప్పుడు మళ్లీ కనిపించాడు. వెంటనే ఫోన్ చేశాను.

"బావా, బకాసురుడొచ్చాడు."

"కరెంటుందా?" అన్నాడు.