4 నో ట్రంప్ అడిగే ముందు

బ్రిడ్జ్ పేకాటలో కొత్తవాళ్లకి కూడా తొందరగా వంటబట్టే కన్వెన్షన్ బ్లాక్‌వుడ్. కన్వెన్షన్ అంటే పార్ట్‌నర్లు ముందే ఒప్పుకున్న అర్థంతో వేలంలో పాడే బిడ్. 1933లో ఇండియానాపోలిస్‌కి చెందిన ఈస్లీ బ్లాక్‌వుడ్ దీన్ని తయారుచేశాడు. 4 నో ట్రంప్ అంటే "నీ దగ్గర ఆసులెన్ని?" అని అడిగినట్టు. సులువుగా ఉంటుంది కాబట్టే అడగకూడని చోట కూడా అడిగేస్తుంటారు. నా అభిప్రాయంలో ఇది స్లామ్‌కి (ఆరు లేదా ఏడు స్థాయి బిడ్, అంటే 13 పట్లలో 12 లేదా 13 తీయాలి) ఎక్కడానికి పనికొచ్చే బిడ్ కాదు. స్లామ్ ఉందని దాదాపు తేలాక, రెండు ఆసులు తక్కువై మునిగిపోకుండా ఆగడానికి పనికొచ్చే బిడ్.

ఇప్పుడు క్లబ్బుల్లో ఎక్కువగా నడిచేది బ్లాక్‌వుడ్‌లోనే ఒక రకం, రోమన్ కీ కార్డ్. నాలుగు ఆసులకి తోడు తురుపు రాజునీ లెక్కలోకి తీసుకుంటారు, అంటే కీ కార్డులు ఐదు. 1430 పద్ధతిలో జవాబులు ఇలా: 5 క్లబ్స్ అంటే ఒకటి లేదా నాలుగు, 5 డైమండ్స్ అంటే సున్నా లేదా మూడు, 5 హార్ట్స్ అంటే తురుపు రాణి లేకుండా రెండు లేదా ఐదు, 5 స్పేడ్స్ అంటే రాణితో సహా అవే. 3014 పద్ధతిలో మొదటి రెండు జవాబులూ తారుమారవుతాయి. కొత్త పార్ట్‌నర్‌తో కూర్చునేటప్పుడు ఈ ఒక్క ముక్కా ముందే మాట్లాడుకోవాలి. ఒకరు 1430, ఇంకొకరు 3014 అనుకుని ఆడితే ఒక కీ కార్డు చూపించిన 5 క్లబ్స్ పార్ట్‌నర్‌కి మూడుగా వినిపిస్తుంది.

ఇక అసలు సంగతి. మీ చేతిలో ఈ ముక్కలున్నాయి:

స్పేడ్: ఆసు, రాణి, జాకీ, 8, 6, 2
హార్ట్: ఆసు
డైమండ్: 7, 3
క్లబ్: ఆసు, రాజు, రాణి, 4

మీరు 1 స్పేడ్ ఓపెన్ చేశారు. పార్ట్‌నర్ 3 స్పేడ్స్ అన్నారు, అంటే నాలుగు తురుపు ముక్కలు, 10 నుంచి 12 పాయింట్లు (ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1). చెయ్యి వెంటనే 4 నో ట్రంప్ మీదకి పోతుంది. అడిగారు, 5 క్లబ్స్ వచ్చింది, అంటే ఒక కీ కార్డు. ఇప్పుడేం చేస్తారు?

పార్ట్‌నర్ దగ్గర స్పేడ్ రాజు, 9, 5, 3. హార్ట్ రాజు, రాణి, 8, 4. డైమండ్ రాణి, జాకీ, 5. క్లబ్ 7, 3 ఉండొచ్చు. ఎదుటివాళ్లు డైమండ్ లీడ్ చేస్తే ఆసు, రాజు వరసగా లాగేస్తారు. మీరు ఒక్క పట్టు కూడా తీయకముందే స్లామ్ పోయింది. లేదా స్పేడ్ 10, 9, 5, 3. హార్ట్ రాజు, రాణి, జాకీ, 4. డైమండ్ ఆసు, 8, 5. క్లబ్ 7, 3 ఉండొచ్చు. డైమండ్ లీడ్‌ని డమ్మీ (టేబుల్ మీద పరిచిన పార్ట్‌నర్ ముక్కలు) ఆసుతో పట్టి, హార్ట్ ఆసు తీసుకుని, క్లబ్ ఆసు, రాజు ఆడి, మూడో క్లబ్‌ని డమ్మీలో తురుపు కొట్టి, హార్ట్ రాజు మీద మిగిలిన డైమండ్ పారేస్తారు. స్పేడ్ రాజు కుడివైపు వాళ్ల దగ్గరుందన్న ఆశతో ఆడే ఫినెస్ పోయినా పోయేది ఆ ఒక్క పట్టే. ఒకే జవాబు, రెండు వేరు వేరు ఫలితాలు. మీకు కావలసింది ఎన్ని ఆసులని కాదు, డైమండ్‌లో అడ్డుకట్ట ఉందా అని.

అందుకే ఇక్కడ సరైన బిడ్ 4 క్లబ్స్, అంటే క్యూ బిడ్. ఆ రంగులో మొదటి లేదా రెండో రౌండ్ కంట్రోల్ ఉందని, అంటే ఎదుటివాళ్లు అందులో రెండు పట్లు వరసగా లాగలేరని అర్థం. మొదటి చేతితో పార్ట్‌నర్ 4 డైమండ్స్ దాటేసి 4 హార్ట్స్ అంటారు. దాటేశారంటే డైమండ్‌లో ఏమీ లేదు. మీరు 4 స్పేడ్స్ దగ్గర ఆగిపోతారు. రెండో చేతితో 4 డైమండ్స్ వస్తుంది. అప్పుడు అడగండి 4 నో ట్రంప్, నిశ్చింతగా.

చేతిలో ఒక రంగు అసలే లేకపోతే కూడా అడగొద్దు. మీకు హార్ట్స్ ఒక్కటీ లేదు, పార్ట్‌నర్ ఒక ఆసు చూపించారు. అది హార్ట్ ఆసు అయితే మీకు దాదాపు ఉపయోగం లేదు, క్లబ్ ఆసు అయితే బంగారం. జవాబులో ఆ తేడా తెలియదు.

తురుపు క్లబ్స్ అయినప్పుడు మరీ జాగ్రత్త. జవాబు 5 క్లబ్స్ దాటిందంటే ఆగడానికి చోటు లేదు. పార్ట్‌నర్ రాణి లేకుండా రెండు చూపించి 5 హార్ట్స్ అన్నా మీకు అది చాలదనుకోండి, ఆరుకి వెళ్లక తప్పదు. అడిగే ముందే నాలుగు జవాబుల్లో ప్రతిదానికీ మీ తర్వాతి బిడ్ ఏంటో మనసులో చెప్పుకోగలగాలి. ఒక్కదానికి తడుముకున్నా అది బ్లాక్‌వుడ్ చెయ్యి కాదు.

5 క్లబ్స్ లేదా 5 డైమండ్స్ తర్వాత, తురుపు కాని పై మెట్టు బిడ్ రాణి కోసం అడగడం. రాణి లేకపోతే పార్ట్‌నర్ తురుపు రంగుకి తిరిగొస్తారు. ఇక్కడ చాలామంది వదిలేసే కిటుకు ఒకటుంది: ఇద్దరి దగ్గరా కలిపి పది తురుపు ముక్కలు ఉన్నాయని మీకు తెలిస్తే, రాణి లేకపోయినా ఉన్నట్టే చెప్పండి. బయట మూడే ముక్కలుంటాయి, ఆసు, రాజు ఆడితే రాణి ఎక్కువసార్లు పడిపోతుంది. 5 నో ట్రంప్ అంటే రాజుల కోసం అడగడం. ఐదు కీ కార్డులూ మనవాళ్ల దగ్గరే ఉన్నాయని అది హామీ ఇస్తుంది, కాబట్టి ఏడు మీద ఆశ లేకపోతే దాని జోలికి వెళ్లొద్దు.

పార్ట్‌నర్ 1 నో ట్రంప్ ఓపెన్ చేస్తే మీ 4 నో ట్రంప్ ఆసుల ప్రశ్న కాదు. పార్ట్‌నర్ 15 నుంచి 17 పాయింట్లు చూపించారు, ఆరు నో ట్రంప్‌కి మామూలుగా ఇద్దరికీ కలిపి 33 కావాలి. మీకు 16 ఉంటే 4 నో ట్రంప్ అనండి. 17 ఉంటే పార్ట్‌నర్ ఆరుకి వెళ్తారు, 15 ఉంటే పాస్ అంటారు. నిజంగా ఆసులే కావాలంటే 4 క్లబ్స్ అనండి, ఆ కన్వెన్షన్ పేరు గెర్బర్.

ఎదుటివాళ్లు మీ 4 నో ట్రంప్ మీద 5 హార్ట్స్ అని అడ్డొస్తే జవాబుల మెట్లు పాడవుతాయి. అప్పుడు డబుల్ అంటే సున్నా, పాస్ అంటే ఒకటి, పై బిడ్ అంటే రెండు. ఇది ముందే ఒప్పుకుని ఉండాలి. టేబుల్ దగ్గర ఊహించి ఆడితే, ఒకటి చూపించిన పాస్‌ని "చెప్పడానికేమీ లేదు" అనుకుని తప్పుడు లెక్క వేస్తారు.